‘ఉందట’ను ‘ఉంది’గా మార్చకండి

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రాసే ప్రోగ్రామర్లకు, దాన్ని నడిపే సిస్టమ్ నిర్వాహకులకు,

నమస్కారం.

పెద్దవాళ్ల జ్ఞాపకాలను వాళ్ల గొంతులోనే రికార్డు చేసి భద్రపరిచే ఒక చిన్న బృందంలో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. మా ఆస్తి అంతా ధ్వని ఫైళ్లే. మాలో ఎవరికీ కంప్యూటర్లు వృత్తి కాదు. ఏ ఫైలు ఏ డిస్క్‌లో ఉందో లెక్క చూసుకునే బాధ్యత మాత్రం నాది. ఆ లెక్కను నమ్మి ఒకరోజు 14 రికార్డింగులు పోగొట్టాను. మీ చేతిలో ఉన్న ఒక చిన్న మార్పు జరిగి ఉంటే అవి పోయేవి కావు. అందుకే మీకు రాస్తున్నాను.

ఒక సాయంత్రం, మేము పని చేసే కంప్యూటర్‌లో చోటు నిండిపోయింది. మర్నాడు కొత్త రికార్డింగు ఉంది. మేము వాడే బ్యాకప్ ప్రోగ్రామ్ తెరిచి, ఏ ఫైళ్లు తీసివేయవచ్చో చూపమన్నాను. జాబితా వచ్చింది. ప్రతి ఫైలు పక్కన ఆకుపచ్చ రంగులో ఒక మాట: ‘మరో 2 చోట్ల ఉంది’. ఆ రెండు చోట్లు ఏవో కూడా రాసి ఉంది. డిస్క్ 2, డిస్క్ 4. అప్పుడు రెండూ అలమరలో ఉన్నాయి. తొలగించమన్నాను. నిమిషంలో పని అయిపోయింది.

మూడు వారాల తరువాత ఒక కుటుంబం నుంచి ఫోను వచ్చింది. వాళ్ల నాయనమ్మ కాలం చేశారు. రెండేళ్ల కిందట మేము రికార్డు చేసిన ఆవిడ మాటలు ఒకసారి వినాలని అడిగారు. డిస్క్ 2 తగిలిస్తే టిక్కుటిక్కుమని చప్పుడు చేసిందే తప్ప తెరుచుకోలేదు. అప్పటికి కంగారు పడలేదు. డిస్కులు పాడవుతాయని తెలిసే కదా రెండిటిలో పెట్టుకున్నాం. డిస్క్ 4 తీశాను. దాని మీద నా చేతిరాతతో ‘ధ్వని 4’ అన్న చీటీ అంటించి ఉంది, ఒక మూల కొద్దిగా పైకి లేచింది. తగిలించగానే తెరుచుకుంది. లోపల ఏదో సమావేశం తాలూకు వీడియోలు కనిపించాయి. మరేమీ లేదు. పొరపాటున వేరే డిస్క్ తీశానేమోనని చీటీని మళ్లీ చదివాను.

అంతకు ఎనిమిది నెలల ముందు మా సహోద్యోగి ఒకరికి వీడియోలు తీసుకువెళ్లడానికి డిస్క్ అవసరమైంది. డిస్క్ 4లో ఉన్నవన్నీ కంప్యూటర్‌లోనూ ఉన్నాయని ఆయనకు తెలుసు. అప్పటికి అది నిజమే. తన ల్యాప్‌టాప్‌లో దాన్ని ఫార్మాట్ చేసి, వాడుకుని, భద్రంగా తెచ్చి అలమరలో పెట్టారు. ఆయన్ని తప్పు పట్టలేను. కంప్యూటర్‌లో ఉన్న నా ప్రతిని నమ్మి ఆయన డిస్క్ చెరిపారు. ఆయన ఎప్పుడో చెరిపేసిన ప్రతిని నమ్మి నేను కంప్యూటర్‌లో ఉన్నది చెరిపాను. ఇద్దరమూ జాగ్రత్తపరులమే. ఇద్దరి మధ్యా ఉన్నది ఏ ఫైలు ఏ డిస్క్‌లో ఉందో ఆ ప్రోగ్రామ్ రాసుకునే పట్టిక. అది ఒక్కటే ఎనిమిది నెలలుగా అబద్ధం చెబుతూ వచ్చింది, అది అబద్ధమని దానికి తెలియకుండానే.

ఆ పట్టికలో ఆవిడ రికార్డింగు వరుస ఇప్పటికీ ఉంది. ఫైలు పేరు, తేదీ, 1 గంట 40 నిమిషాల నిడివి, బైట్లలో పరిమాణం, ఆ పక్కన 64 అక్షరాల పొడవున్న చెక్‌సమ్. ఆ గొంతులో ఒక్క బిట్ మారినా పట్టేయగలిగినంత ఖచ్చితమైన గుర్తు అది. గొంతు మాత్రం లేదు. ఆ కుటుంబానికి నేనే ఫోను చేసి చెప్పాను. కాసేపు అవతలివైపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ‘పోనీలెండి’ అన్నారు. అంతకంటే కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది.

తెలుగులో మనం ‘ఉంది’ అంటాం, ‘ఉండేది’ అంటాం, ‘ఉందట’ అంటాం. ఈ మూడింటి తేడా బడికి వెళ్లని పిల్లవాడికి కూడా తెలుసు. ‘ఉంది’ అన్నవాడు కళ్లారా చూసి ఉండాలి. ‘ఉందట’ అన్నవాడు ఒకరు చెబితే విన్నాడు, తన పూచీ లేదని ఆ ఒక్క ‘ట’తో చెప్పేస్తాడు. బ్యాకప్ ప్రోగ్రామ్ దగ్గర ఉండే స్థల పట్టిక మొత్తం ‘ఉందట’ల పోగు. ఫలానా రోజున ఫలానా డిస్క్‌లోకి ఈ ఫైలును రాశామన్నంతవరకే దానికి తెలుసు. ఆ మర్నాటి నుంచి ఆ డిస్క్‌కు ఏమైందో దానికి తెలిసే దారే లేదు. అలాంటిది తెర మీదికి వచ్చేసరికి ఆ ‘ట’ ఎగిరిపోయి ‘2 చోట్ల ఉంది’ అయింది. మా 14 రికార్డింగులు పోవడానికి కారణం నా దృష్టిలో డిస్క్ చెడిపోవడం కంటే ఇదే.

పట్టికను అసలు నమ్మవద్దని నేను అనడం లేదు. అలా అంటే ఏ పనీ సాగదు. దాన్ని దేనికి వాడుతున్నామన్నదే ప్రశ్న. ఒక ఫైలు కోసం వెతుకుతున్నప్పుడు పట్టిక డిస్క్ 4లో ఉందంది అనుకోండి. వెళ్లి చూస్తే లేదు. ఒక నడక దండగ, ఇంకోచోట వెతుకుతాం. పట్టిక లేదన్నచోట నిజానికి ఫైలు ఉందనుకోండి. ఒక ప్రతి ఎక్కువ చేసుకుంటాం, కాస్త చోటు దండగ. కొత్తగా ప్రతి తీయాలా వద్దా అన్నది పట్టిక చూసి నిర్ణయిస్తే కొంచెం ప్రమాదం ఉంది, అయినా అసలు ఫైలు ఇంకా చేతిలోనే ఉంటుంది. ఇక తొలగించడం. ఇక్కడ పట్టిక ఒక్కసారి తప్పయినా దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. ఇన్ని తేడాలున్న పనులన్నిటికీ మీలో చాలామంది ఒకే పట్టికను, ఒకే ఆకుపచ్చ గుర్తును, ఒకే మోతాదు నమ్మకంతో వాడుతున్నారు. మాకు ఎక్కువ జాగ్రత్త కావలసింది ఆ ఒక్కచోటే. ఏట్లో వేసినా ఎంచి వెయ్యమన్నారు పెద్దలు. తిరిగి రానిది వదులుకునేటప్పుడే లెక్క గట్టిగా ఉండాలి.

ఈ సంగతిని పట్టుకున్న సాఫ్ట్‌వేర్ లేకపోలేదు. జోయీ హెస్ అనే ప్రోగ్రామర్ 2010లో మొదలుపెట్టిన గిట్-అనెక్స్ అలాంటిది. మా ప్రమాదం జరిగింది దానితో కాదు. ఆ తరువాత, ఇలాంటిది మరెవరికైనా తట్టిందా అని వెతుకుతుంటే కనిపించింది. అది ప్రతి ఫైలు ఎక్కడెక్కడ ఉందో చిట్టా రాసుకుంటుంది, అందరూ చేసే పనే. దానితోపాటు ప్రతి చోటుకూ ఒక నమ్మకపు స్థాయిని కూడా రాసుకుంటుంది. అవి నాలుగు: నమ్మదగినది, సగం నమ్మదగినది, నమ్మరానిది, చనిపోయినది. మనం ఏమీ చెప్పకపోతే ప్రతి చోటూ సగం నమ్మదగినదే.

ఆ ‘సగం’లో ఉంది అసలు తెలివి. ఫైలు కోసం వెతికేటప్పుడు చిట్టా మాట వింటుంది. తొలగించమంటే మాత్రం చిట్టాలో పేరున్న చోటికి వెళ్లి, ఫైలు ఇప్పుడు కూడా నీ దగ్గర ఉందా అని అడుగుతుంది. ఆ డిస్క్ తగిలించి లేకపోతే ఆ ప్రతిని లెక్కలోకి తీసుకోదు. ఇన్ని ప్రతులు ఉండి తీరాలని మనం పెట్టిన సంఖ్య కుదరకపోతే తొలగించడానికి ఒప్పుకోదు. నమ్మరానిదిగా గుర్తు పెట్టిన చోటు అవునని జవాబిచ్చినా సరే, ఆ ప్రతిని ఈ లెక్కలో కలపదు. ఒక్క నమ్మదగిన చోటు విషయంలోనే, వెళ్లి చూడకుండా చిట్టా మాటకు విలువిస్తుంది. ఆ రోజు మా అలమరలో ఉన్న రెండు డిస్కులకూ ఈ ‘సగం నమ్మదగినది’ వర్తించి ఉంటే నేను లేచి వెళ్లి డిస్కులు తెచ్చి తగిలించవలసి వచ్చేది. డిస్క్ 2 టిక్కుటిక్కుమనేది. డిస్క్ 4లో వీడియోలు బయటపడేవి. పది నిమిషాలు విసుక్కునేవాణ్ణి, అంతే.

మరి పూర్తి నమ్మకం ఏ చోటుకు ఇవ్వాలి? కొన్ని నెలలుగా దీని గురించి ఆలోచించాను. డిస్క్ కొత్తదా, ఖరీదైనదా, ఏ కంపెనీది అన్నవాటితో దీనికి సంబంధం తక్కువ. చిట్టాకు చెప్పకుండా అక్కడ ఫైలు చెరపగలిగినవారు ఎవరైనా ఉన్నారా? ఈ ప్రశ్నకు ‘లేరు’ అన్న జవాబు వచ్చిన చోటుకే ఇవ్వాలి. యూఎస్‌బీ డిస్క్‌ను ఎవరైనా ఫార్మాట్ చేయవచ్చు, కాబట్టి అది ఎంత మంచిదైనా ‘సగం’ దాటదు. పది మందికి పాస్‌వర్డ్ తెలిసిన సర్వర్ కూడా అంతే. గడువు తీరేవరకు ఎవరూ చెరపలేని విధంగా తాళం వేసే నిల్వలు కొన్ని ఉన్నాయి. వాటికి ఆ గడువు ఉన్నంతకాలం ఎక్కువ నమ్మకం ఇవ్వవచ్చు. గడువు తీరిన మర్నాడు అది కూడా మామూలు చోటే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. చిట్టా ఒక్కచోటే ఉండదు, దానికీ ప్రతులుంటాయి. అవతలి కంప్యూటర్‌లో పద్ధతిగానే, తన చిట్టాలో రాసి మరీ ఒక ఫైలును తొలగించి ఉండవచ్చు. ఆ కబురు నా చిట్టాకు ఇంకా చేరకపోవచ్చు. మనిషి తప్పు చేయకపోయినా, డిస్క్ చెడకపోయినా, కేవలం ఆలస్యం వల్ల ‘ఉంది’ అన్నది అబద్ధమవుతుంది. ‘నమ్మదగినది’ అన్న ముద్ర వేసేముందు ఇది కూడా చూడాలి.

వెళ్లి అడగడంలో కూడా ఒక ప్రమాదం ఉంది. రెండు కంప్యూటర్లలో ఒకే ఫైలు ఉంది. రెండిటిలోనూ ఒకే క్షణంలో చోటు ఖాళీ చేయాలనుకున్నారు. మొదటిది రెండోదాన్ని అడిగింది: నీ దగ్గర ఉందా? ఉంది. రెండోది మొదటిదాన్ని అడిగింది: నీ దగ్గర ఉందా? ఉంది. రెండు జవాబులూ ఆ క్షణానికి నిజాలే. ఇద్దరూ చెరిపేశారు. నేనూ మా సహోద్యోగీ ఎనిమిది నెలలు తీసుకుని చేసిన పనిని యంత్రాలు సెకనులో చేయగలవు. అందుకని అడగడంతో సరిపోదు, నా పని అయ్యేవరకు నీ ప్రతిని కదపవద్దని పట్టి ఉంచాలి. గిట్-అనెక్స్ తొలగించేముందు, వీలైనచోట, అవతలి ప్రతికి అలా తాళం వేయించుకుంటుంది. ఇంత దూరం ఆలోచించి ఆ కోడ్ రాసినవారి పట్ల నాకు గౌరవం కలిగింది. ఎవరికీ కనిపించని పని అది. ఫైలు పోకపోతే దాన్ని ఎవరు కాపాడారో ఎవరూ అడగరు.

ఇక అడిగితే జవాబిచ్చే చోటు కూడా తన పట్టిక చూసే జవాబివ్వవచ్చు. అమెజాన్ వారి గ్లేసియర్ దీనికి తగిన ఉదాహరణ. అరుదుగా తీసే వస్తువుల కోసం పెట్టిన చౌక నిల్వ అది. అందులో ఏమేమి ఉన్నాయో చెప్పే జాబితాను దాదాపు రోజుకు ఒకసారి తాజా చేస్తారు. అంటే ఈ ఉదయం చెరిపిన ఫైలు సాయంత్రం అడిగినా ఇంకా ఉందనే వినిపించవచ్చు. ‘ఉందట’ను ధ్రువీకరించడానికి వెళితే ఇంకో ‘ఉందట’ ఎదురవుతుందన్నమాట. ఈ కారణంగానే గిట్-అనెక్స్ ఆ జాబితాను ఆధారం చేసుకుని తొలగించదు. నమ్మమని వాడేవారే విడిగా ఆజ్ఞ ఇస్తే తప్ప.

దీనికి దాదాపు పాతికేళ్ల కిందటే ఒక మంచి విరుగుడు కనిపెట్టినవారున్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1999లో మొదలైన లాక్స్ అనే ప్రాజెక్టు. ఎలక్ట్రానిక్ పత్రికల ప్రతులను అనేక గ్రంథాలయాలు విడివిడిగా దాచుకుంటాయి. ఒకరి ప్రతి చెక్కుచెదరకుండా ఉందో లేదో తెలుసుకోవడానికి మిగతావారిని ఓటు అడుగుతారు. ఆ అడగడంలో ఉంది కిటుకు. ప్రతిసారీ కొత్తగా ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపి, దాన్ని ముందు చేర్చి మొత్తం పాఠానికి హ్యాష్ (చెక్‌సమ్ లాంటి గుర్తు) కట్టి పంపమంటారు. నిన్న కట్టి ఉంచుకున్న హ్యాష్ ఈరోజు పనికిరాదు. పాఠం మొత్తం చేతిలో ఉండి, మొదటి నుంచి చివరిదాకా చదివితేనే సరైన జవాబు వస్తుంది. చిట్టా చూసి జవాబు చెప్పడానికి వీల్లేని ప్రశ్న అది. ఇంత సులువైన ఆలోచన మామూలు మనుషులు వాడే బ్యాకప్ ప్రోగ్రాముల్లోకి ఇప్పటికీ ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.

ఖర్చు అంటారేమో. నిజమే. సెకనుకు 150 మెగాబైట్లు చదివే డిస్క్‌లో ఒక టెరాబైట్ మొదటి నుంచి చివరిదాకా చదవడానికి దాదాపు 2 గంటలు పడుతుంది. ప్రతి ఫైలుకూ ప్రతిసారీ ఆ పని చేయమని అడగను. ఫైలు పేరు కనిపించిందా, పరిమాణం సరిపోయిందా, మొత్తం చదివి చెక్‌సమ్ పోల్చారా అన్నవి మూడు వేర్వేరు మాటలు. మూడింటికీ ఒకే ఆకుపచ్చ గుర్తు పెట్టకండి. ఏది చేశారో, ఏ రోజు చేశారో రాయండి. పది ఫైళ్లు తొలగించబోతున్నప్పుడు ఆ పదింటినే అవతల పూర్తిగా చదివి చూడటానికి ఎంతసేపు పడుతుంది?

ఇవన్నీ మా బోటి చిన్నవాళ్ల కష్టాలని, పెద్ద సంస్థల్లో ఇలా జరగదని అనుకునేవారి కోసం మూడు సంగతులు చెబుతాను.

కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమాజం 2013 మార్చిలో తన మొత్తం సోర్స్ కోడ్‌ను, దాదాపు 1500 గిట్ రిపాజిటరీలను (కోడ్ భాండారాలను), పోగొట్టుకునేంత పని అయింది. ప్రధాన సర్వర్‌లో ఫైల్ సిస్టమ్ చెడింది. దాని ప్రతులు ప్రపంచంలో పలుచోట్ల అద్దం సర్వర్లలో, అంటే ప్రధాన సర్వర్‌ను చూసి తమంతట తామే ప్రతి ఉంచుకునే సర్వర్లలో, ఉన్నాయి, కాబట్టి భయం లేదనుకోవాలి. ఆ అద్దాలు ఏ రిపాజిటరీలు ఉంచుకోవాలో ప్రధాన సర్వర్ ఇచ్చే జాబితా చూసి నిర్ణయించుకునేవి. ఆ జాబితా కూడా చెడింది. జాబితాలో పేరు లేనివాటిని అద్దాలు బుద్ధిగా చెరిపేశాయి. కంచే చేను మేసినట్టయింది. సరిగ్గా ఆ సమయానికి ఇంకా అద్దం పనిలోకి పూర్తిగా దిగని ఒక కొత్త సర్వర్‌లో మంచి ప్రతులు మిగిలి ఉండటం వల్ల గట్టెక్కారు. వాళ్లు ఈ కథ మొత్తాన్ని దాచుకోకుండా రాసి పెట్టడం మన అదృష్టం. అద్దం ఎన్నటికీ బ్యాకప్ కాదన్నది అందులో అందరూ పట్టుకున్న పాఠం. నాకు తోచింది మరొకటి. ప్రతుల సంఖ్య ఎన్నయినా, అవన్నీ ఒకే పట్టిక మాట విని చెరిపేసుకుంటే వాటి సంఖ్య ఒకటే.

ప్రోగ్రామర్ల కోడ్‌ను తన దగ్గర ఉంచే గిట్‌ల్యాబ్ సంస్థ కథ 2017 జనవరి 31న జరిగింది. ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్‌లో ఫోల్డర్‌ను తొలగించారు. సుమారు 300 గిగాబైట్లలో ఆపేసరికి 4.5 మిగిలింది. బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని చూస్తే, ఉండవలసిన చోటు ఖాళీగా కనిపించింది. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, దాని ప్రతి తీయవలసిన పనిముట్టు 9.2ది. అది రోజూ విఫలమవుతూ వచ్చింది. విఫలమైనట్టు ఈమెయిళ్లు కూడా పంపింది. వాటిపై సంతకం సరిగా లేదని అందుకునే సర్వర్ తిరస్కరించింది. చివరికి ఆరు గంటల ముందు ఒకరు వేరే పని కోసం తన చేత్తో తీసిన ప్రతి వాళ్లను కాపాడింది. ఇక్కడ చెడ్డ కబురు రాకపోవడాన్ని మంచి కబురుగా లెక్కగట్టారు. మీ ప్రోగ్రామ్‌లో కూడా మౌనానికి అర్థం ఏమిటో ఒకసారి చూసుకోండి. ‘నిన్న అంతా బాగుంది’ అన్న మాట ఈరోజు రాకపోతే, అది హెచ్చరికగా కనిపించాలి.

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం 2021 మార్చి 10న తగలబడినప్పుడు, అసలూ బ్యాకప్పూ ఒకే ప్రాంగణంలో ఉన్న ఖాతాదారులు రెండూ పోగొట్టుకున్నారు. వాళ్ల పట్టికలో రెండు వరుసలు ఉన్నాయి. నిప్పుకు ఆ లెక్క తెలియదు. రెండు పేర్లు కనిపించినంత మాత్రాన రెండు చోట్లని ఒప్పుకోకుండా, ఆ రెండూ ఒకే గదిలోనా, ఒకే ఖాతా కిందనా, ఒకే పాస్‌వర్డ్ వెనకనా అని కూడా అడిగితే బాగుంటుంది.

ఇప్పుడు నేను కోరుకునే మార్పు. ఆ సాయంత్రం తొలగించు అన్నప్పుడు నాకు కనిపించి ఉండవలసిన వాక్యాన్ని ఇక్కడ రాస్తున్నాను. కావాలంటే ఉన్నది ఉన్నట్టు వాడుకోండి:

‘ఈ 14 ఫైళ్లను డిస్క్ 4లో చివరిసారి చూసి 11 నెలలైంది. అప్పుడు పేర్లు మాత్రమే చూశాను, లోపలి సమాచారం చదవలేదు. డిస్క్ 2ను చూసి 16 నెలలైంది. రెండూ ఇప్పుడు కంప్యూటర్‌కు తగిలించి లేవు. కనీసం ఒకదాన్ని తగిలిస్తే చదివి చూస్తాను. అంతవరకు ఈ ఫైళ్లను తొలగించను.’

ఇందులో పట్టికకు తెలియనిది ఒక్క ముక్క కూడా లేదు. తేదీలన్నీ దాని దగ్గర అప్పుడే ఉన్నాయి. నాకు చూపలేదు, అంతే. ‘ఎలాగైనా తొలగించు’ అన్న మీట కూడా ఉంచండి, చోటు నిజంగా అత్యవసరమైన రోజులుంటాయి. ఆ మీట నొక్కడం మాత్రం నా నిర్ణయం కావాలి. నా తరఫున పట్టిక తీసుకున్న నిర్ణయం కాకూడదు.

అలాగే డిస్క్ పోయిందనో, చెరిపేశామనో చెప్పుకోవడానికి సులువైన దారి పెట్టండి. మా సహోద్యోగి ఆ ప్రోగ్రామ్‌కు చెప్పాలనుకున్నా ఎక్కడ చెప్పాలో ఆయనకు తెలిసేది కాదు. నేనే ఆ తరువాత మెనూలన్నీ వెతికితే నాలుగో పొరలో దొరికింది. ఎంతోకాలంగా కంటపడని డిస్క్ నమ్మకాన్ని దానంతట అదే తగ్గించడం కూడా కష్టమైన పని కాదు. ఆరు నెలలు కనిపించని డిస్క్‌ను ఫైలు వెతికేటప్పుడు చూపండి, తొలగింపు లెక్కలో కలపకండి.

నిర్వాహకులకు ఒక్క మాట. సాఫ్ట్‌వేర్ మారేలోపు మీరు చేయగలిగింది ఉంది. మేము ఇప్పుడు లెక్కలో ఉన్న ప్రతి డిస్క్ మీదా ఎర్ర చీటీ అంటించాం: ‘దీన్ని నమ్మి వేరేచోట ఫైళ్లు చెరుపుతారు. అడగకుండా ఫార్మాట్ చేయవద్దు’. అదే వాక్యం డిస్క్ తెరవగానే కనిపించేలా ఒక ఫైలులో కూడా పెట్టాం. చీటీ ఊడిపోవచ్చు కదా. మూడు నెలలకు ఒకసారి డిస్కులన్నీ తగిలించి మొత్తం చదివిస్తున్నాం. మొదటిసారి చదివించినప్పుడు మరో డిస్క్‌లో రెండు ఫైళ్ల చెక్‌సమ్ కలవలేదు. వాటి మంచి ప్రతులు వేరేచోట ఉన్నాయి కాబట్టి ఆ పూటే సరిచేశాం. అవి కూడా అప్పటిదాకా ఆకుపచ్చగానే కనిపించాయి.

పోయిన 14 రికార్డింగుల పేర్లను పట్టికలోంచి తీసివేయలేదు. ఎప్పుడో ఎవరికైనా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చి ఉంటామేమోనని పాత ఈమెయిళ్లు, రసీదు పుస్తకాలు తిరగేస్తున్నాం. ఇంతవరకు మూడు దొరికాయి, చెక్‌సమ్‌లు అక్షరం తేడా లేకుండా కలిశాయి. నాయనమ్మగారిది అందులో లేదు, వెతుకుతూనే ఉన్నాం. మీలో ఎవరైనా పైన రాసిన హెచ్చరికతో కొత్త వెర్షన్ తెస్తే, విడుదలకు ముందు పరీక్షించడానికి మా దగ్గర ఏడు డిస్కులు, ఓపిక ఉన్న నలుగురు మనుషులు ఉన్నారు. ఒక్క ఈమెయిల్ పంపండి, డిస్క్ 4 కూడా తగిలించి చూపిస్తాం.

ఇట్లు,
రికార్డింగుల లెక్క చూసుకునే ఒక వాడుకరి